గిర్దావర్ మెచ్చిన ఇల్లు

లింబాద్రి గల్ఫ్‌లో, బర్కా అనే ఊళ్లో మేస్త్రీ; నేనూ అతనూ ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. ఖర్జూర తోటల యజమానులకు ప్రహరీ గోడలు కట్టి నున్నగా ప్లాస్టర్ చేసేవాడు. జగిత్యాల దగ్గర ఊళ్లో అతని సొంత ఇల్లు మాత్రం మట్టి గోడలది. తొంభై అయిదో సంవత్సరం వానలకు వెనక గోడ నెర్రెలిచ్చి లోపలికి ఒరిగింది. ఆ గోడ పక్కనే భార్య సత్తవ్వ, కూతురు నవీన పడుకునేవారు. ఇల్లు చిన్నది, లోపల వేరే చోటు లేదు. కంపెనీ సెలవివ్వదు, పాస్‌పోర్టు ఇవ్వదు. ఆ గోడ గుర్తొస్తే అతనికి అన్నం సయించేది కాదు.

వానకు దెబ్బతిన్న ఇళ్ల బాగుకు సర్కారు సాయం ఇస్తోందనీ, మండలాఫీసు నుంచి గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, వచ్చి ఇల్లు చూసి నష్టం రాసుకుంటాడనీ మా రూమ్‌లో తెలిసింది. లింబాద్రి ఎగిరి గంతేశాడు. ఏటా ఇంటి పన్ను కడుతున్నవాడు, అడిగే హక్కుంది మరి. వెంటనే టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఊరికి క్యాసెట్ నింపాడు.

"సత్తవ్వా, గిర్దావర్ సారు మనింటికస్తడు. ఇల్లు మంచిగుంచు. చాయ పొయ్యి. ఇజ్జత్ పోవద్దు."

అక్కడే కొంప మునిగింది. నెర్రెలు చూపించమని చెప్పాలని ఈ మహానుభావుడికి తట్టలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సారు గడప తొక్కుతున్నాడంటే మా వైపు ఏ ఆడమనిషి ఇల్లు అలకకుండా ఉంటుంది?

వేరే కంపెనీలో పనిచేసే నర్సింగ్ సెలవుకు ఊరెళ్లి వస్తూ జవాబు క్యాసెట్ తెచ్చాడు. శుక్రవారం అందరం చుట్టూ చేరాం. సత్తవ్వ గొంతు సంబరంగా ఉంది.

"ఇనవడ్తుందా, నవీన బాపూ? నెర్రెలన్ని మట్టితోని మెత్తిన. సున్నమేసిన, ఎర్రజాజు పెట్టిన, ముగ్గులేసిన. సారు చాయ తాగి, ఇల్లు అద్దమోలె ఉన్నదమ్మా, దీనికి బాగు చేసేటిదేం లేదని రాస్కపోయిండు. ఊళ్లె గంత మంచిమాట ఎవ్వలకు రాలే."

లింబాద్రి మొదట మురిసిపోయి నవ్వాడు. మరుక్షణం ముఖం మాడిపోయింది. "బంద్ చెయ్" అన్నాడు. నాకైతే ఏడుపొచ్చింది.

మళ్లీ రాయించుకోవచ్చా అని నేను అడిగితే, గడువు దాటిపోయిందన్నాడు నర్సింగ్. తను బయల్దేరే రోజు మొగులు పట్టి వానొచ్చేలా ఉందని కూడా చెప్పాడు.

లింబాద్రి కొత్త క్యాసెట్ పెట్టి, బటన్ నొక్కాడు. భార్యను తిడతాడనే అనుకున్నాను.

"మంచిగ జేసినవ్ సత్తవ్వా" అన్నాడు. "ఇగ ఆ గోడ కాడ పండకుర్రి. నువ్వు, నవీన బయట వాకిట్ల పండుర్రి. వానొస్తె..."

వానొస్తే వాళ్లు మళ్లీ ఆ గోడ పక్కకే పోవాలి. అతను బటన్ నొక్కి టేపు ఆపేశాడు.