తెరచాపకు పెట్టిన గంజి

ఇన్నేళ్ళుగా నా కథకు చదువుకున్నవాళ్ళెవరూ సమాధానం చెప్పలేదు. బాగుందని చెప్పనక్కర్లేదు, బాగాలేదని అయినా అనలేదు. పంజాగుట్టలో ఆ బంగళా వరండాలో కూర్చున్న పెద్దమనుషులు ప్రతివాడి రాతకూ ఏదో ఒక మాట అన్నారు. ఒకాయన తన పెంపుడు కుక్క చచ్చిపోతే ఇంగ్లీషులో పద్యం రాసుకొచ్చాడు, దానికి కూడా అభిప్రాయం దొరికింది. నా కథకు దొరకలేదు. అడిగీ అడిగీ విసిగి ఇది రాస్తున్నాను.

నేను అమీర్‌పేటవాణ్ణి. మాది నేతవాళ్ళ ఇల్లు. మగ్గాలు ఊళ్ళోనే ఉండిపోయాయి. మా నాయన పట్నం వచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. నేను ఇంగ్లీషు చదువుకొని ఖైరతాబాద్‌లో ఒక దఫ్తరులో గుమాస్తానయ్యాను. అప్పట్లో అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు నడిచిపోతుంటే తోటల గోడలు, వాటి మధ్య పొలాలు, అవతల బంజారా గుట్టల బండలు కనిపించేవి. సముద్రం మాకు ఏ దిక్కునా లేదు. హుస్సేన్ సాగర్ కట్ట మీద నిలబడితే గాలికి నీళ్ళు లేచి రాళ్ళను కొట్టేవి. నాకు దొరికిన సముద్రం అదే.

బడిలో ఇంగ్లీషు పద్యాలు చదివినప్పుడు తోటివాళ్ళకు పూలూ పిట్టలూ నచ్చాయి, నాకు ఓడలు పట్టుకున్నాయి. దానికి కారణం మా మేనమామ. ఆయన మగ్గం వదిలి బొంబాయి మిల్లుకు పోయాడు, మిల్లు వదిలి పొగ ఓడలో ఖలాసీగా చేరాడు. బాయిలరుకు బొగ్గు వేసే పని. ఏళ్ళకోసారి మా ఇంటికి వచ్చి, గోడకు ఆనుకొని కూర్చొని, నేను అడిగిందల్లా చెప్పేవాడు.

"సముద్రం ఎట్లుంటది మామా?"

"నాకేం ఎరుక రా? నేను కిందనే ఉంట గద. పొయ్యి కానొస్తది, బొగ్గు కానొస్తది. డ్యూటీ దిగి పైకొస్తె ఎల్తురుకు కండ్లు మూసుకపోతయి. జర సేపు సప్పుడొక్కటే. సముద్రం కానరాదు."

అలాంటి మాట నేను చదివిన ఏ పద్యంలోనూ లేదు. నేనూ ఇంగ్లీషులో పద్యాలు కట్టాను, ఆ తర్వాత ఓడ మీద ఒక కథ రాశాను. నేను చదివిన పద్యాల్లో అన్నీ తెరచాపల ఓడలే కాబట్టి నా కథలోనూ తెరచాప ఓడనే పెట్టాను. అందులో నావికుణ్ణి మాత్రం నేతవాడి కొడుకును చేశాను.

పంజాగుట్ట బంగళాలో ప్రతి శుక్రవారం ఇంగ్లీషు కథలూ పద్యాలూ చదువుకొనేవారు. అప్పట్లో మాకు సెలవు శుక్రవారం. బంగళా యజమానే అధ్యక్షుడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే పెద్దమనిషి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. చదవడం పూర్తయ్యాక ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అభిప్రాయం చెప్పేవారు. ఆ తర్వాతే టీ. మొదటి కప్పు చదివినవాడికి. చదివేవాడి చేతికి కప్పు వచ్చిందంటే ఆ రచన ముగిసిందన్నమాట.

నేను చాలాకాలం వెనక బెంచీ మీద కూర్చొని విన్నాను. నా పద్యాలకు ఆయన "ప్రయత్నం బాగుందండీ" అన్నారు. ఆ ధైర్యంతో కథ తీసుకుపోయాను. మూడో పేజీలో నావికులు తెరచాపకు గంజి పెట్టి ఆరవేసి పైకి ఎత్తుతారు. అలా ఎందుకు రాశానంటే, మా ఊళ్ళో గంజి పట్టని నూలు మగ్గం ఎక్కి ఎరగదు. అంత గాలిని ఆపే బట్టకు గంజి లేకుండా ఎలా ఉంటుంది?

అధ్యక్షుడు చెయ్యెత్తారు.

"ఆగండాగండి. ఏంటీ, తెరచాపకి గంజా?"

"అవునండి."

"నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. గంజి పెట్టిన తెరచాప సంగతి ఇవాళే వింటున్నాను. ఇస్త్రీ కూడా చేయిస్తారా మీ నావికులు?"

వరండా అంతా నవ్వింది. పక్కనున్న వకీలు నా భుజం తట్టి, "ధోబీని సుత జహాజు ఎక్కించినవా భాయ్?" అన్నాడు. మళ్ళీ నవ్వు.

నేను తల దించుకోలేదు. వాక్యం మీద వేలు పెట్టుకొని, నవ్వు ఆగాక అక్కడినుంచే అందుకున్నాను. రెండు వాక్యాలైనా చదివానో లేదో, లోపల్నుంచి టీ వచ్చింది. మొదటి కప్పు నా చేతికిచ్చారు. అధ్యక్షుడి కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

కప్పు పిట్టగోడ మీద పెట్టాను. తాగలేదు. అందరూ వెళ్ళేదాకా ఉండి అడిగాను: "మిగిలింది ఎప్పుడు చదవమంటారు?"

"చూద్దామండీ, వచ్చేవారం."

ఆ వచ్చేవారం ఇప్పటికీ రాలేదు. అమీర్‌పేట రోడ్డు మీద నేను నడిచిపోతుంటే ఆ వకీలు టాంగాలోంచి, "సలాం, గంజి జహాజీ!" అని కేక వేసేవాడు. ఆ పేరు నాకు పెళ్ళయ్యాక కూడా వదల్లేదు.

మామ మళ్ళీ వచ్చినప్పుడు జరిగింది చెప్పాను.

"ఓరి, గంజి ఒక్క అలకు ఆగుతదా రా? కొట్టుకపోతది." కడుపు పట్టుకొని నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి ఆగాడు. "అవ్‌గని, నేను సుత అడిగిన."

"ఏమడిగినవ్?"

"బొంబాయి బందర్ల ఒడ్డుకాగిన పడవల తెరచాపలు చూసి, వీటికి గంజి ఎవ్వరు పెడ్తరన్నా అని అడిగిన. జహాజోల్లంత మస్తు నవ్విండ్రు. మనోడైతె అడుగుతడు రా. అడగకుంట ఉండడు."

ఆ రోజే కథ తిరగరాశాను. గంజి తీసెయ్యలేదు. నా నావికుడు ఓడెక్కిన మొదటి రోజు ఆ ప్రశ్న అడుగుతాడు, ఓడంతా నవ్వుతుంది. నన్ను చూసి నవ్విన నవ్వునే అక్కడ పెట్టాను.

తర్వాత మామకు తెలుగులో చెబుతూ చివరిదాకా వినిపించాను. నడిసముద్రంలో గాలి ఆగిపోతుంది. ఓడ కదలదు. తాగే నీళ్ళు తగ్గుతుంటాయి. అందరూ తలెత్తి పెద్ద తెరచాపనే చూస్తుంటారు. నేతవాడి కొడుకు తన ధోవతి ఉప్పునీళ్ళలో తడిపి తాడు మీద ఆరేస్తాడు. ఒకనాటి పొద్దున పెద్ద తెరచాప ఇంకా చచ్చినదానిలా వేలాడుతుండగానే ఆ పల్చటి ధోవతి అంచు కదులుతుంది. గాలి మొదట దాని దగ్గరికే వస్తుంది. కథ అక్కడితో అయిపోతుంది.

గోడకు ఆనుకున్న మామ ముందుకు జరిగాడు. "గా ధోతి ఎవ్వరు నేసిండ్రు?" అన్నాడు.

"తాత."

"మంచిగ రాసినవ్ పో."

నా కథకు దొరికిన అభిప్రాయం అదొక్కటే. యుద్ధం వచ్చింది. ఆయన ఎక్కిన ఓడ మునిగిందని బొంబాయి నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. బాయిలరు దగ్గరివాళ్ళు పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో మామే నాకొకసారి చెప్పాడు. అది ఇక్కడ రాయను. ఆయనకు ఫోటో లేదు, సమాధి లేదు. గంజి ఎవరు పెడతారని అడిగిన ఆ మనిషి ఇప్పుడు నా కథలో తప్ప ఎక్కడా లేడు.

కథ పట్టుకొని మళ్ళీ బంగళాకు పోయాను.

"ఆ గంజి కథేనా? విన్నాం కదండీ," అన్నారు అధ్యక్షుడు.

"వినలేదండి. మూడో పేజీ దగ్గర టీ ఇచ్చారు."

"అబ్బో, ఇంకా గుర్తుపెట్టుకున్నారే!"

"గుర్తుంటుందండి."

"సరే, ఉంచి వెళ్ళండి. చూస్తాను."

ఒక నకలు ఉంచి వచ్చాను. ఆ తర్వాత రాజ్యం మారింది, జెండా మారింది, సెలవు కూడా శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. ఆయన వరండా మాత్రం అలాగే ఉంది. దారిన పోతుంటే చేతికర్ర ఎత్తి పలకరిస్తారు, కథ మాట ఎత్తరు. సముద్రం చూడనివాడికి సముద్రం మీద రాసే హక్కు లేదని ఆయన అనుకుంటే ఆ మాటే నా మొహం మీద అనవచ్చు. అప్పుడు నేనూ ఒకటి అడుగుతాను. ఒడ్డున పుట్టినవారు ఓడ అడుగున బొగ్గు వేసినవాడి సముద్రాన్ని ఏనాడు చూశారు?

అయ్యా, ఈ ఆదివారం వస్తున్నాను. ఈసారి నిలబడి చివరిదాకా నేనే చదువుతాను. టీ పెట్టించకండి. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టండి. ఆ ధోవతి అంచు కదిలిన చోటు బాగుందా, బాగాలేదా? రెండింట్లో ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి. చెప్పేదాకా ఆ మెట్లు దిగను.