ఎర్రమన్ను తాకని జానెడు గోడ

మా మేనత్త పోయిందని మోత్కూరు నుంచి కబురు వచ్చింది. ఎనభై దాటిన మనిషి. పొద్దున గంజి తాగి గోడకు ఆనుకుని కూర్చున్నదట, కూర్చున్నట్టే పోయిందట. ఏ గోడకని నేను అడగలేదు. నాకు తెలుసు.

నన్ను కన్న పురిట్లోనే అమ్మ పోతే, నన్ను సాకింది అత్తే. బాపు సంఘంలో చేరి అడవులు పట్టి తిరిగేవాడు. పోలీసు యాక్షన్ జరిగి నిజాం దిగిపోయినా సంఘం వాళ్ల కోసం పోలీసుల వేట ఆగలేదు. అప్పుడు నాకు రెండేళ్లు నిండి ఉంటాయి. ఇక్కడ చెప్పేదేదీ నాకు గుర్తున్నది కాదు, అత్త వందసార్లు చెప్పగా నాదైపోయింది.

నడక రాగానే నేను పొయ్యిలో చల్లారిన బొగ్గు పట్టానట. ముందు గీతలు, తర్వాత సున్నాలు, ఇంకొన్నాళ్లకు ఆ సున్నాలకు కాళ్లు. ఎర్రమన్నుతో నున్నగా అలికిన గోడ నా చెయ్యి అందినంత మేరా నల్లనే.

"నీ చేతులు పాడుగాను! నిన్ననే అలికితి గదనే, పొల్లా!" అని తిట్టేది అత్త. తిట్టి, నా పక్కనే చతికిలబడి, "ఎవరే గీయన?" అని అడిగేది. నాకేం తెలుసు? తనే చెప్పేది: "బాపు. అను, బాపు." మేకను గీసినా, కుండను గీసినా అదే పాఠం. నెలల తరబడి కనిపించని తండ్రిని ఈ పిల్ల ఎక్కడ మరిచిపోతుందోనని ఆమె భయం.

ఒకనాడు తెల్లారేసరికి బాపు వచ్చాడు. ఆయన జొన్నరొట్టె తింటుంటే, నేను ఆయన్నే చూస్తూ గోడ మీద గీశానట. ఒక సున్న, రెండు కాళ్లు, పక్కన కర్ర. రొట్టె సగంలో ఉండగానే వాడకట్టులో బూట్ల చప్పుడు. బాపు లోపలి అర్రలో జొన్నలు పోసే గుమ్మిలోకి దిగాడు. అత్త దాని మీద చాట కప్పింది.

పోలీసు జమేదారు ఇల్లంతా చూసి, చివరికి నా ముందు కూర్చున్నాడు.

"గిది ఎవరు బిడ్డా?"

"బాపు."

"బాపు ఎప్పుడొచ్చిండు?"

నేను అర్ర వైపు తల తిప్పానట. అత్త పకపకా నవ్వింది. "అయ్యా, దానికి గీసిందల్ల బాపే. జర గా మేకను సూపెట్టి అడుగుండ్రి."

మేకను చూపించాడు. "బాపు" అన్నాను. కుండను చూపించాడు. "బాపు."

"నీకెందరు బాపులే!" అని అతను పగలబడి నవ్వి లేచిపోయాడు. ఆ కూతకు అత్త కూడా నవ్వింది. వాళ్లు వీధి దాటాక నన్ను ఎత్తుకుని పోయి గుమ్మి మీది చాట తీసిందట.

బాపు ఆరోజు బతికాడు. ఆ ఎండాకాలమే అడవిలో జ్వరమొచ్చి పోయాడు. ఆయనకు ఒక్క ఫొటో లేదు.

అప్పటి నుంచి ఏటా బతుకమ్మకు ముందు అత్త గోడంతా అలికేది, బాపు బొమ్మ ఉన్న ఆ జానెడు జాగా వదిలేసి. సున్నం వేయిద్దామని చుట్టాలు అంటే, "మా అన్న జాగకు రాకుండ్రి" అనేది. "గా బొమ్మకు నోరు పెట్టకపోతివి, మంచిగయ్యింది. నోరుంటె గా జమేదారుతోని పంచాయితి పెట్టుకుంటుండె" అని నన్ను ఆటపట్టించేది. బడిలో బొమ్మలకు మార్కులు రాలేదని నేను ఏడిస్తే, "నువ్వు గీసేది ఎప్పుడో గీసినవ్, పో" అని కొంగుతో ముక్కు తుడిచేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండుతుంది.

దినాలకు ముందు ఇల్లు అలకాలి కదా. ఎర్రమన్ను కలుపుకొని నేనే కూర్చున్నాను. ఇన్నేళ్ల పూతలు చుట్టూ మందం కట్టి, బొమ్మ చిన్న గుంటలో ఉన్నట్టుంది. బొగ్గు వెలిసినా సున్న ఉంది, కాళ్లు ఉన్నాయి, కర్ర ఉంది. గుంట అంచు వెంట, బొమ్మకు తగలకుండా తిరిగిన అత్త వేలి జాడలు ఎండి ఉన్నాయి. నేను వేలికి గుడ్డ చుట్టుకుని, మన్నులో ముంచి, ఆ జాడల వెంబడే మెల్లగా అలికాను.