రసం కొట్టు గోడ మీది ఫోర్కు

త్రినాధరావు నాతవరంలో పెళ్లికి వెళ్లిన రోజున అతని బావమరిది పోతురాజు షెడ్డులో ఉన్న పాత మోటారు సైకిలును పాత ఇనప సామాన్లవాడికి అమ్మేసి, ఆ చోట సిమెంటు బస్తాలు పేర్చుకున్నాడు. ఇంగ్లండులో తయారైన బండి. త్రినాధరావు తండ్రి నడిపినది. అందులో మిగిలింది ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఒక్కటే. అరిగిన బుష్షులు మార్చడానికి త్రినాధరావు దాన్ని ఊడదీసి మంచం కింద పెట్టుకున్నాడు కనుక పోతురాజు కంటపడలేదు.

నేను దాన్ని చూసింది అనకాపల్లిలో త్రినాధరావు చెరుకు రసం కొట్టు దగ్గర. మా పరవాడ కంపెనీ బస్సు కోసం నేను నిలబడేది అక్కడే. బస్సు ఏనాడూ వేళకు రాదు, కంపెనీ గేటు దగ్గర మాత్రం మా ఆలస్యాన్ని నిమిషాలతో సహా లెక్కగడతారు.

కొట్టు గోడకు రెండు మేకులు, వాటికి ఆ ఫోర్కు. ఇప్పటి బళ్లకు ముందు రెండు గొట్టాలుంటాయి, స్ప్రింగు వాటి లోపల దాక్కుంటుంది. దీనికి అటూ ఇటూ సన్నటి ఇనప కాళ్లు, మధ్యలో నడుము లావుగా, పైనా కిందా సన్నగా ఉన్న ఒకే స్ప్రింగు, అందరికీ కనబడేలా. త్రినాధరావు ప్రతి ఆదివారం దాన్ని నూనె గుడ్డతో తుడిచేవాడు. ఆయుధపూజకు రసం మిషనుకన్నా ముందు దానికే బొట్టు.

“బండి లేని ఫోర్కుకు పూజేటి మామా?” అన్నాను ఒకసారి.

“ముందు రసం తాగు, ఈగలు వాల్తన్నాయి,” అన్నాడు.

తర్వాత తనే చెప్పాడు. చిన్నప్పుడు తండ్రి అతన్ని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బుచ్చయ్యపేట చెరుకు తోటకు తీసుకెళ్లేవాడట. ప్రతి గోతిలోనూ హ్యాండిల్ ముందు ఆ స్ప్రింగు ముడుచుకుని మళ్లీ లేచేది.

“నానెప్పుడూ రోడ్డు సూళ్లేదల్లుడూ. దాన్నే సూసేవోణ్ణి. ఇంకొక్కపాలి అది కదిలితే సూడాలనుంది.”

నిరుడు విశాఖపట్నం నుంచి మహేశ్వరరావు అనే రిటైరైన ఉద్యోగి వచ్చాడు. అదే రకం బండి ఆయన దగ్గర ఉంది, ఫోర్కు లేదు. ఎవరో రసం తాగుతూ తీసిన ఫొటోలో దీన్ని చూశాడట. రుమాలుతో చేతులు తుడుచుకుని మరీ ముట్టుకున్నాడు. త్రినాధరావు మిషను ఆపేసి, తనూ తొలిసారి చూస్తున్నట్టు ఆయన పక్కన నిలబడ్డాడు.

“ఎంతిమ్మంటారు?” అని చివరికి మహేశ్వరరావు అడిగాడు.

“డబ్బులొద్దు బాబూ. బిగించేక బండి ఇక్కడికి తేవాల. అదిగో, రోడ్డు మీద ఆ గోతిలోంచి పోనియ్యాల. నాను ఎదరనుంచి సూత్తాను.”

ఊరికే రసం తాగుతున్న పోతురాజు కలగజేసుకున్నాడు. “ఊరికే ఇచ్చేత్తావేటి బావా? మళ్లీ వత్తాడని గేరంటీ ఏటి?”

“కేజీల్లెక్కన తూసీసినోడివి, నువ్వు సెప్పకు.”

పోతురాజు గ్లాసులోకి చూసుకున్నాడు.

మహేశ్వరరావు ఫోర్కు పట్టుకెళ్లాడు. ఎండాకాలం గడిచింది. వానలకు గొయ్యి పెద్దదైంది. ఆయన జాడ లేదు. ఇక రాడన్న విషయంలో నేనూ పోతురాజూ మొదటిసారి ఏకీభవించాం. త్రినాధరావు మాత్రం ఆ మేకులకు ఇంకేదీ తగిలించలేదు. ఆటోవాళ్లు ఇటుక ముక్కలు తెచ్చి గొయ్యి పూడ్చబోతే అడ్డం పడ్డాడు. “ఉండనియ్యండి, దాంతో పనుంది,” అన్నాడు.

దసరా వెళ్లిన వారం బండి వచ్చింది. మహేశ్వరరావు దాన్ని మెల్లగా గోతిలోకి దించాడు. స్ప్రింగు ముడుచుకుని లేచింది. రోడ్డు మీద గొంతుక్కూర్చున్న త్రినాధరావు, “ఇంకోపాలి బాబూ,” అన్నాడు. వెనక ఒక బస్సు ఆగకుండా హారన్ కొడుతోంది. అది మా కంపెనీ బస్సే. మహేశ్వరరావు బండి తిప్పి మళ్లీ దించాడు.

అప్పటినుంచి బెల్లం కొనడానికి వచ్చినప్పుడల్లా ఆయన ఆ దారినే వస్తున్నాడు.

ఈ ఊరి రోడ్లను నేను తిట్టని రోజు లేదు. అందుకే పోయిన వారం, ఇక్కడ కొత్త రోడ్డు వేస్తారట, ఇన్నాళ్లకు గోతుల పీడ వదులుతుందని త్రినాధరావుతో చెప్పాను. అతను మిషనులోకి ఇంకో చెరుకుగడ తోశాడు.

“మంచిదే,” అన్నాడు. “ఈ ఒక్క గొయ్యీ పూడ్సకుండా ఒగ్గెయ్యమని అడగాల.”