లచ్చిమికి తానం

దేవుడమ్మ అట్టు వేసిందంటే గేటు దగ్గర కాపలా కాసే మలాయి పోలీసుల ముక్కులు కూడా ఇటే తిరిగేవి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే, గాలి వాళ్ళవైపు వీచినప్పుడు పెనం మీద నూనె ఒక చుక్క ఎక్కువ వేసేది.

మలయాలో బంటింగ్ ఊరికి కొంచెం ఎడంగా ఉన్న రబ్బరు తోట అది. అక్కడ ఇంగ్లీషువాళ్ళు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని, తోటలో చెదురుమదురుగా ఉన్న కూలీల ఇళ్ళన్నిటినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. అన్నిటికీ ఒకటే గేటు. తెల్లవారుజామున రబ్బరు పాలు గీయడానికి పోయేవాళ్ళను అక్కడ నిలబెట్టి తడిమి చూసేవారు. అన్నం ముద్ద మాట అటుంచి, కొంగున గుప్పెడు శనగలు దొరికినా కేసే. అందుకని జనం ఉత్త చేతులతో పోయి, పాల బకెట్లు అప్పజెప్పి, మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతూ వచ్చేవారు. గేటు దాటి లోపల కాలు పెట్టగానే ఎదురుగా దేవుడమ్మ పొయ్యి.

మొగుడు సూరిబాబు జపాన్‌వాళ్ళ కాలంలో సయాం దేశంలో రైలుదారి వేసే పనికి పోయి మరి రాలేదు. అతని కత్తి పట్టుకుని ఆమే ఏళ్ళ తరబడి చెట్లు గీసింది. మోకాలు వాచి వరసల వెంట నడవలేకపోయేసరికి తోట దొర పని తీసేసి, గేటు పక్కన అట్లు అమ్ముకోమని కాగితం రాయించి ఇచ్చాడు. రేషన్ బియ్యానికి మినుములు చాలవు కనుక కాస్త కర్రపెండలం పిండి కలిపి, ఆమె ఆ కాగితం మీదే బతుకుతోంది.

తోటలో డబ్బు తిరిగే దారులు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మగవాళ్ళు నాలుగు పలకల ఒక సెంటు బిళ్ళను చెవి మడతలో దోపుకునేవారు. ఆడవాళ్ళు కొంగున ముడివేసేవారు, లేకపోతే తమలపాకుల సంచిలో సున్నం పక్కన పడేసేవారు. మునుసామి అయితే అయిదు సెంట్ల బిళ్ళను బుగ్గన పెట్టుకుని పని చేసుకునేవాడు, జేబుకి చిల్లు అని. కాగితం నోట్లు చెమటకి మెత్తబడి, రబ్బరు పాలు అంటుకుని, పులిసిన వాసన కొట్టేవి. అవన్నీ చివరికి చేరేది దేవుడమ్మ కుడి అరచేతిలోకే. ఆమె వాటిని కళ్ళకద్దుకుని పాలడబ్బాలో వేసి, అదే చేత్తో తర్వాతివాడికి అట్టు మడిచి, కొబ్బరి పచ్చడి వేసి ఇచ్చేది. ఆ కళ్ళకద్దుకోవడం అందరికీ ఇష్టం. తమ కష్టానికి ఒక దణ్ణం దొరికినట్టుండేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక కూలీల ఇళ్ళ లైన్లలో బంక విరేచనాలు పట్టుకున్నాయి. తోట ఆస్పత్రిలో మంచాలు చాలక చాపలు పరిచారు. డాక్టరు అప్పుడప్పుడు వచ్చిపోయేవాడు. రోజూ కట్లు కట్టి, మందులిచ్చి చూసుకునేది డ్రెస్సర్ కాంతయ్య. గుమాస్తాల ఇంట పుట్టి, క్లాంగ్ పట్నంలో చదువుకున్న మనిషి. ఒక మధ్యాహ్నం అతను వచ్చి పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అట్టు అడగలేదు. చాలాసేపు చూశాడు.

"దేవుడమ్మా, మునుసామి ఇందాక డబ్బు ఎక్కణ్ణించి తీసి ఇచ్చాడు?"

"బుగ్గలోంచి బాబూ. ఎప్పుడూ అంతే కదా."

"దాన్ని పట్టుకున్న చేత్తోనే తర్వాతి అట్టు మడిచావు. మునుసామి ఇంట్లో ఇద్దరు నా ఆస్పత్రిలో ఉన్నారు."

దేవుడమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "నా అట్టు తిని పడిపోనారంటావేటి?"

"అట్టు కాలుతుంది. కాలినదాంట్లో ఏ పురుగూ బతకదు. డబ్బు కాలదు కదా. ఊరందరి చేతులూ తిరిగి వస్తుంది. కంటికి కనపడని పురుగులు బస్సెక్కినట్టు దానిమీద ఎక్కి, నీ చేతి దగ్గర దిగుతాయి."

"టిక్కెట్టు ఎవుడు కొడతాడు బాబూ?" అంది వరసలో ఉన్న వెంకమ్మ. జనం నవ్వారు. కాంతయ్య నవ్వలేదు.

"దొర ఈ పొయ్యి తీయించెయ్యమన్నాడు. నెలాఖరు దాకా ఆగమని నేనే బతిమాలాను. ఈలోగా పద్ధతి మారిస్తే సరే. పెద్ద కష్టమేమీ లేదు. తిండి కుడి చేత్తో పెట్టు, డబ్బు ఎడమ చేత్తో తీసుకో. అంతే."

అంతే అనేసి అతను వెళ్ళిపోయాడు. దేవుడమ్మకు ఆ పూట పిండి ఎలా పోసిందో తెలియలేదు. జపాన్‌వాళ్ళ కాలంలో ఆమె ఒక డబ్బాడు అరటిచెట్టు బొమ్మ నోట్లు దాచుకుంది. ఇంగ్లీషువాళ్ళు తిరిగొచ్చిన వారానికి అవి చెల్లకుండా పోయాయి, పొయ్యి రాజేయడానికి కూడా సరిగ్గా అంటుకోలేదు. లచ్చిమి అలిగి పోయిందని అప్పట్లో ముసలివాళ్ళు అన్నారు. ఒకసారి అలిగి వెళ్ళినదాన్ని ఇప్పుడు ఎడమ చేత అందుకుంటే ఊరుకుంటుందా?

అయినా పొయ్యి పోతే బతుకు లేదు. మర్నాడు ధైర్యం చేసింది. ముందు వచ్చినవాడు కంగాణి కూర్మయ్య. యాభై మందిని పనికి తోలే మనిషి, మీసం ఉన్న మనిషి. ఆమె ఎడమ చెయ్యి చాచింది. అతను ఆ చేతిని చూసి, మొహం చూసి, డబ్బు పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏటప్పా, నానేటి తప్పు సేసినాను?"

"తప్పు కాదు తమ్ముడా. డ్రెస్సర్ బాబు సెప్పినాడు."

"డ్రెస్సర్ బాబుకి ఎడం సేత ఇస్తారేటి జీతం? ఎండలో సచ్చి సంపాదించినాను. నువ్వు కడుక్కునే సేత్తో అందుకుంటావా?"

అట్టు తీసుకోకుండానే పోయాడు. అతని వెనక అతని మనుషులూ పోయారు. పెనం మీద అట్టు అంచులు నల్లబడే దాకా దేవుడమ్మ అటే చూస్తూ కూర్చుంది.

తర్వాతి రోజు పాత ఇనప పళ్ళెం ఒకటి గోనెపట్టా మీద పెట్టి, డబ్బు అందులో వెయ్యమంది. తెల్లచీరలో ఉన్న విధవ, కాలు చాపుకుని, ముందు పళ్ళెం. ఆ వాలకం ఎలా ఉందో ఆమెకు తట్టలేదు. చీరలమ్మే మనిషి ఒకడు ఆ దారినే పోతూ, జాలిగా ఒక సెంటు వేసి, అట్టు తీసుకోకుండా వెళ్ళాడు.

"ముష్టికి కూకున్నట్టే ఉన్నాదప్పా," అంది వెంకమ్మ మెల్లగా. ఈసారి హాస్యానికి అనలేదు. దేవుడమ్మ ఆ సెంటు పట్టుకుని గేటు దాకా కుంటుకుంటూ పోయి అతణ్ణి పిలిచి తిరిగిచ్చేసింది. పళ్ళెం తీసేసింది.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే గూట్లోని ఇత్తడి లక్ష్మిని చింతపండుతో తోమి నీళ్ళు పోస్తోంది. పోస్తూ పోస్తూ చెయ్యి ఆపేసింది. ఇంట్లో కదలకుండా కూర్చున్న బొమ్మకి వారం వారం స్నానం చేయిస్తున్నాం. కల్లు దుకాణం, చీనావాడి కొట్టు, మునుసామి బుగ్గ అన్నీ తిరిగొచ్చే లచ్చిమికి పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి ఒక చెంబుడు నీళ్ళు పోసినవాళ్ళు లేరు కదా.

తడి చీరతోనే ఆస్పత్రికి పోయింది. కాంతయ్య అంతా విన్నాడు. తన "అంతే" ఎంత దూరం పోయిందో అతనికి అప్పుడు తెలిసింది. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నీళ్ళలో పసుపు వేస్తానంటావు."

"పసుపు, యాపాకు. తానం అంటే తానమే మరి."

"పసుపు నీ ఇష్టం. సబ్బు నా ఇష్టం." ఎర్రటి కార్బాలిక్ సబ్బు బిళ్ళ ఒకటి ఇచ్చాడు. "మరగబెట్టిన నీళ్ళు. రోజూ మార్చాలి. ముఖ్యంగా, డబ్బు నీ చేతికి రాకూడదు. వాళ్ళే వెయ్యాలి."

ఆ మధ్యాహ్నం పొయ్యి పక్కన పీట, పీట మీద పసుపు బొట్లు పెట్టిన ఇత్తడి గిన్నె, గిన్నెలో వేపాకులు తేలుతున్న నీళ్ళు. నోట్లకు పక్కనే మూత డబ్బా. ఇవ్వాల్సిన చిల్లర ముందే కడిగి ఆరబెట్టిన డబ్బులోంచి, కుడి చేత్తోనే. వెంకమ్మ ముందుగా బిళ్ళ వేసింది. బుడుంగుమంది. ఆవిడ తెలియకుండానే చేతులు జోడించింది. తర్వాత మునుసామి బుగ్గలోంచి తీసి వేశాడు.

"నీ బిళ్ళకి రెండు తానాలు పొయ్యాల," అంది వెంకమ్మ.

కూర్మయ్య మూడు రోజులు బింకంగా దూరంగా నిలబడి చూశాడు. ఆకలి మీసాన్ని ఎంతకాలం లెక్కచేస్తుంది. నాలుగో రోజు వచ్చి, "ఇదేటి కొత్త పూజ?" అన్నాడు.

"లచ్చిమికి తానం. నా సేత్తో కాదు, నీ సేత్తో నువ్వే సేయించుకో."

కంగాణి తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని మరీ వేశాడు. చిల్లర పుచ్చుకుని వాసన చూసి, "ఆస్పత్రి వాసన కొడతాది లా," అని మలాయివాళ్ళ మాదిరి మాట చివర లా తగిలించి గొణిగి, రెండట్లు తిన్నాడు.

అంతా దారిన పడిందనుకుంటే జీతాల రోజు వచ్చింది. ఆ రోజు బిళ్ళలకంటే నోట్లు ఎక్కువ. దేవుడమ్మ వాటిని సబ్బునీళ్ళలో పసిబిడ్డల్ని తడిపినట్టు తడిపి, వెదురు పుల్లలు చీల్చి, ఇంటి వెనక బట్టల తాడుకి గుచ్చింది. ఆ తాడు ఒక కొస చూరుకి, ఒక కొస ముళ్ళకంచె గుంజకి కట్టి ఉంటుంది. గాలికి ఒక నోటు ఊడి, పోయి కంచె ముళ్ళకి అతుక్కుంది, అడవివైపు మొహం పెట్టి.

కంచె చుట్టూ తిరిగే ఇద్రిస్ అనే కుర్ర కానిస్టేబులు చూశాడు. కంచె మీద డబ్బు. దాని వెనక వరసగా ఇంకా డబ్బు. అడవిలోవాళ్ళకు చందాలు అందించిన నేరానికి జైలుకు పోయిన మనుషులు ఆ చుట్టుపక్కల తోటల్లో ఉన్నారు. అతను ఈల వేశాడు.

గేటు పక్క గదిలో తెల్ల ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. బల్లమీద తడి నోట్లు ఒకపక్క, దేవుడమ్మ అట్లకు దొర ఇచ్చిన కాగితం ఒకపక్క. ఆయన అరచెయ్యి ఆ కాగితం మీద ఉంది. దేవుడమ్మ కళ్ళు ఆ చేతిమీదే ఉన్నాయి. ఈ డబ్బు ఎవరికోసం పెట్టావని ఆయన మలాయిలో అడిగాడు. ఆమె తనకొచ్చిన బజారు మలాయిలో, ఎవరికోసమూ కాదు, ఉతికి ఆరేశాను అంది. డబ్బు ఎవరైనా ఉతుకుతారా అన్నాడు. మురికి, జబ్బు, డ్రెస్సర్ అంది. అంత భయముంటే ఎడమ చేత్తో తీసుకోవచ్చు కదా, ఆ మాత్రం తెలివి లేదా అన్నాడు.

దేవుడమ్మ తన ఎడమ చెయ్యి చాచి చూపించింది. "తంగన్ కిరి త బోలే, తుఆన్." ఎడమ చెయ్యి కూడదు దొరా. ఎందుకు కూడదంటే చెప్పడానికి ఆమె మలాయి అక్కడితో అయిపోయింది. "లచ్చిమి" అంది. ఆయనకు అర్థం కాలేదు. కాగితం మడవసాగాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్రిస్ తుపాకీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. అడక్కుండా మాట్లాడితే ఏమంటారో అని ఒక క్షణం ఆగాడు.

"తుఆన్, మాలోనూ అంతే. మా అమ్మకి నేను జీతం ఎడమ చేత్తో ఇస్తే ఆవిడ నేలమీద పడనిస్తుంది గాని అందుకోదు. ఈవిడ కుడి చేత్తో తిండి పెడుతుంది. మరి డబ్బు ఏ చేత్తో తీసుకుంటుంది? అందుకే కడిగినట్టుంది."

ఇన్‌స్పెక్టర్ అతన్ని చూశాడు, ఆమెను చూశాడు, తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఒక నోటు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కార్బాలిక్ సబ్బు. కాంతయ్యను పిలిపిస్తే, సబ్బు నాదేనని ఆయాసపడుతూ చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మడిచిన కాగితాన్ని మళ్ళీ విప్పి, బల్లమీద చదునుచేసి, ఆమె వైపు తోశాడు. కంచె దగ్గర ఇంకెప్పుడూ ఏదీ ఆరెయ్యొద్దన్నాడు. ఆమె కాగితం కళ్ళకద్దుకుని జాకెట్టులో పెట్టుకుంది.

బయటికొచ్చాక ఇద్రిస్ నేలచూపులు చూస్తూ, "అక్కా, ఈల వేసింది నేనే," అన్నాడు.

"నీ పని నువ్వు సేసినావు తంబీ. రేపు తినడానికి రా."

ఆ తర్వాత ఆమె నోట్లను వేడి అట్లపెనం వెనక్కి తిప్పి దానిమీద ఆరబెట్టేది. చిల్లర నోటు పుచ్చుకున్నవాళ్ళకి అది గోరువెచ్చగా తగిలేది. నెలాఖరుకి విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. గిన్నె వల్లో, కొత్తగా కట్టించిన మరుగుదొడ్ల వల్లో కాంతయ్య తేల్చి చెప్పలేకపోయాడు. దొరకు మాత్రం గిన్నె పేరే చెప్పాడు. పొయ్యి నిలిచింది.

మెర్దెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, ఇంకా కొన్ని నెలలుందనగా ఆ ప్రాంతంలో సోదాలు ఎత్తేశారు. ఇక ఎవరి అన్నం వాళ్ళు మూట కట్టుకుని తోటలోకి పోవచ్చు. లైన్లలో అందరూ సంబరపడ్డారు. దేవుడమ్మా సంబరపడింది, కాని ఆ రాత్రి పిండి రుబ్బాలో వద్దో తెలియక రోలు ముందు కూర్చుండిపోయింది. మధ్యాహ్నం ఆకలితో వచ్చేవాళ్ళు లేకపోతే గేటు దగ్గర ఆమెకేం పని? కాసేపటికి గుమ్మంలో కూర్మయ్య.

"ఏటప్పా, రోలు పొడిగా ఉన్నాది?"

"మీకింక నా అట్టెందుకు తమ్ముడా? ఇంట్లోది కట్టుకుని పోతారు కదా."

"ఇంట్లోది నా పెళ్ళాం వండాల. నాలుగింటికి లేసి ఎవులు వండుతారు లా? పొద్దున్నే ఆకులో కట్టియ్యి, అందరికీ. సెప్పి రమ్మన్నారు."

దేవుడమ్మ మినుములు నానబోసింది. మర్నాడు చీకటి విడకముందే పొయ్యి వెలిగింది. మంచుకి జనం తువ్వాళ్ళు కప్పుకుని వరసలో నిలబడ్డారు. గేటు బార్లా తెరిచి ఉంది. కూర్మయ్య పొట్లం చంకన పెట్టుకుని, రెండు వేళ్ళతో నీళ్ళు ముట్టుకుని చూసి చెయ్యి వెనక్కి తీశాడు.

"ఇంత సలిలో తానమేటప్పా, లచ్చిమికి జొరమొస్తాది."

"లచ్చిమికి సలేటి, నీకే సలి. ఏసి కదులు, వెనకున్నోళ్ళకి ఎండెక్కిపోతాది."