తప్పంతా గాలిదే

లోకంలో ఏ తప్పు జరిగినా మా పెదనాన్న దృష్టిలో ముద్దాయి ఒక్కటే: గాలి. కూరలో ఉప్పు ఎక్కువైనా, గోడ గడియారం ఆగిపోయినా, నాకు లెక్కల్లో పదకొండు మార్కులొచ్చినా ఆయన తీర్పు మారేది కాదు.

"గాలి పలచబడిందే, ఎవరేం చేస్తారు!"

"గాలి కాదు, మీ బుర్ర పలచబడింది," అనేది పెద్దమ్మ. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నారో వాళ్లకే తెలియదు.

ఆయన ఉద్యోగం కూడా అలాంటిదే. మా ఊరి చివర చిన్న విమానాశ్రయం. అక్కడినుంచి కొండ అవతలి పట్నానికి తొమ్మిది సీట్ల విమానం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎగిరేది. ఎక్కే మనుషులనూ పెట్టెలనూ కాటా మీద తూచి, ఎంత బరువు ఎక్కించవచ్చో పైలట్‌కు కాగితం రాసివ్వడం పెదనాన్న పని. పక్క బల్ల దగ్గర టిక్కెట్లు రాయడం నా పని.

మండుటెండలో ఆయన గొడుగు పట్టుకుని రన్‌వే మీదికి వెళ్లేవారు. గొడుగు తనకు కాదు, చేతిలోని థర్మామీటరుకు. నీడలో ఉంటేనే అది నిజం చెబుతుందట. దాన్ని పసిబిడ్డలా నీడన పెట్టి, తాను మాత్రం నెత్తి మాడ్చుకుంటూ నిలబడేవారు. తిరిగి రాగానే పాఠం మొదలు.

"వేడికి గాలి పలచబడుతుందమ్మా. రెక్కకు పట్టు దొరకదు, ఇంజనుకు ఊపిరి అందదు. పొద్దున సగం రన్‌వేలో లేచే విమానం ఎండలో చివరిదాకా పరిగెత్తాలి. చివర ఏముంది?"

"రాతిగోడ," అనేదాన్ని, వందోసారి.

"గోడ జరగదు. గాలి చిక్కబడదు. ఇక తగ్గాల్సింది?"

"పెట్టెలు."

ఒకసారి పై అధికారి విసుక్కున్నారు. "ఒక్క పెట్టెకి ఏమవుతుందయ్యా?"

"ఏమీ కాదు సార్. మీరెక్కండి, నేను గోడ దగ్గర నిలబడి చూస్తాను."

పెట్టె మారుమాట లేకుండా దిగింది.

ఇంకో చాదస్తం కూడా ఉండేది. కాటా ముల్లు తనకొక్కడికే కనబడేలా దాన్ని గోడవైపు తిప్పి పెట్టుకున్నారు. నేను చూడాలంటే కొంగలా మెడ సాచాల్సిందే. "ఇటు తిప్పచ్చు కదా పెదనాన్నా?" అంటే, "అటు గాలి తగులుతుంది," అనేవారు.

ఒక చలికాలం పొద్దున కుట్టుపని నేర్పే టీచరమ్మ వచ్చింది. భారీ మనిషి. ఆ మధ్యాహ్నమే పట్నం ఆసుపత్రిలో ఆమె చెల్లెలికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేముందు పక్కన ఉంటానని మాటిచ్చిందట. మిగతా ఎనిమిది సీట్లూ అప్పటికే నిండాయి. కాటా ఎక్కేముందు ఆమె చెప్పులు విప్పింది, చేతిసంచి నాకిచ్చింది, చివరికి ఊపిరి కూడా బిగబట్టింది. పెదనాన్న ముల్లు చూసి కాగితం మీద కూడారు. విమానం మోయగలిగినదానికంటే ఇరవై ఆరు కిలోలు ఎక్కువ.

ఆయన రెండోసారి కూడడం చూసి, బరువు మించిందని పసిగట్టి, వెనకనుంచి బట్టల వ్యాపారి అందుకున్నాడు. "ఆవిడొక్కరు ఆగిపోతే మేమంతా హాయిగా లేస్తాం!"

కిసకిసలు మొదలయ్యాయి. టీచరమ్మ తల వంచుకుంది. "నేను ఆగిపోతానులెండి," అంది మెల్లగా.

"మీరెందుకమ్మా ఆగడం?" పెదనాన్న గొంతు హాలంతా మోగింది. "గాలి పలచబడింది! ఇవాళ మరీ అన్యాయంగా పలచబడింది! పెద్ద పెట్టెలన్నీ సాయంత్రం విమానంలో వస్తాయి, ఇటు పెట్టండి!"

"చలికి పళ్లు కొట్టుకుంటుంటే గాలి పలచబడడమేంటండీ?" అన్నాడు వ్యాపారి.

"మీకెలా తెలుస్తుంది? స్వెట్టరేసుకున్నారు!"

వ్యాపారి తన స్వెట్టరు వంక చూసుకునేలోపు అతని ముప్పై కిలోల బట్టల పెట్టె పక్కకు వెళ్లిపోయింది. టీచరమ్మ తలెత్తుకుని నడిచి వెళ్లి విమానమెక్కింది.

గోడకు చాలా ఇవతలే విమానం లేచిపోయింది. నేను థర్మామీటరు చూశాను. తొమ్మిది డిగ్రీలు! అంత చిక్కటి గాలి మాకు ఏడాదికి నాలుగు రోజులు కూడా దొరకదు.

"పెదనాన్నా! అబద్ధం చెప్పారు!"

"పైలట్‌కిచ్చిన కాగితం చూడు. తొమ్మిదే రాశాను. విమానానికి అబద్ధం చెప్పకూడదు." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "గాలిదేముందమ్మా, ఎన్ని మాటలన్నా పడుతుంది. మనుషులు పడలేరు."

అప్పుడు నా పదకొండు మార్కులు గుర్తొచ్చాయి. నాన్న కేకలేస్తుంటే మధ్యలో నిలబడి గాలి మీద అరగంట పాఠం చెప్పింది ఈయనే. వినలేక నాన్న తిట్టడం మానేసి బయటికి వెళ్లిపోయారు. పెద్దమ్మ చేసిన ఆ ఉప్పు కూరను ఈయన మారు వడ్డించుకుని మరీ తినేవారు. ఇన్నేళ్లూ నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

పెదనాన్న రిటైరయ్యాక కాటా నా చేతికొచ్చింది. దాన్ని నేను ఇటు తిప్పలేదు.

ఆ మరుసటేడు, పొగమంచు వీడని ఒక పొద్దున, ఆయనా పెద్దమ్మా పట్నం వెళ్లడానికి వచ్చారు. బరువు తగ్గమని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. తగ్గుతున్నానని ఆయన రోజూ పెద్దమ్మకు చెబుతూనే ఉన్నారు. కాటా ఎక్కి నా వైపు బిక్కుబిక్కుమంటూ చూశారు.

"ఎంతుందే?" పెద్దమ్మ నన్నడిగింది.

ముల్లు చూశాను. పైలట్ కాగితం మీద ఉన్నదున్నట్టు రాశాను.

"గాలి పలచబడింది పెద్దమ్మా, ఇవాళ ఏ బరువూ నమ్మడానికి లేదు," అన్నాను.

పెదనాన్న జేబులోంచి థర్మామీటరు తీశారు. దాన్ని చూశారు, పెద్దమ్మను చూశారు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు.

"ఇంటి దగ్గరే అనుకున్నానమ్మా," అన్నారు. "బాగా పలచబడింది."