ఉప్పుచేపకు పోసిన నీళ్లు

మొన్న మా అమ్మాయి రాయదుర్గంలో ఒక అద్దాల మేడ పైనున్న హోటలుకు తీసుకెళ్లింది. మెనూ కార్డులో ఒక పేజీ నిండా పోర్చుగల్ సముద్రపు వంటలే. నిప్పుల మీద కాల్చిన కవళ్ల చేపలు, వెల్లుల్లి కొత్తిమీర వేసిన ఆలిచిప్పలు, ఆక్టోపస్ అన్నం, చివర్న బకల్యావ్ అనే ఉప్పుచేప. "ఇది తప్పకుండా రుచి చూడాలి మేడమ్" అని వడ్డించే అతను ఆ చివరిదాని మీదే వేలు పెట్టాడు. ఆ పేరు చూడగానే నాకు దాహమేసింది.

ఆ చేప మా ఇంటికి తొంభైల చివర్లో, నడివేసవిలో వచ్చింది. అప్పటికి మాదాపూర్‌లో మేడల కంటే బండరాళ్లే ఎక్కువ. మావారు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి, పని ఎలా సాగుతోందో చూడ్డానికి పని ఇచ్చిన పోర్చుగల్ వాళ్ల తరఫున లిస్బన్ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన సరేనంటే కంపెనీ ఉంటుంది, కాదంటే మావారితో సహా అందరూ ఇంటికే. మా అమ్మాయి అప్పుడు చంకలో పిల్ల. వచ్చిన పెద్దమనిషి ఊరికే రాక, చెక్కలా గట్టిపడ్డ ఉప్పుచేపను కానుకగా తెచ్చాడు. ఆదివారం మీ ఇంటికొచ్చి నేనే వండుతాను, అందాకా నానబెట్టి పూటపూటకీ నీళ్లు మార్చండి చాలు అన్నాడట. మావారు నవ్వుతూ "నో ప్రాబ్లం" అన్నారట. ఆ ఆఫీసులో ఏ ప్రశ్నకైనా అదే జవాబు మరి.

ప్రాబ్లమల్లా నీళ్లే. బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మా అత్తగారిది బందరు వైపు, ఎండుచేప ఆవిడకు కొత్త కాదు. "మనం తాగడానికే లేకపోతే దీనికి పూటకో స్నానమేంటే?" అని విసుక్కుంటూనే నీళ్లు మార్చేవారు. పారబోస్తుంటే పై వాటాలోని ఓనరమ్మ చూడనే చూసింది.

"ఏందమ్మా, గిట్ల పారబోస్తున్నరు? నీళ్లకు మేమిక్కడ పరేషాన్ అయితుంటే!"

తల దించుకుని లోపలికొచ్చాను. నీళ్లు లేవని ఆ లిస్బన్ ఆయనకు చెప్పేయండి అంటే, "ఊరుకో, లేవంటే మన మీద నమ్మకం పోతుంది" అని మావారు కసిరారు. ఆయన కసరడం అరుదు. వారంగా నిద్రపోవడం లేదని తెలుసు కనుక నేనూ ఊరుకున్నాను.

శనివారం ట్యాంకరు రాలేదు. ఆఖరి విడత నీళ్లు మార్చనే లేదు. ఆదివారం ఆ లిస్బన్ ఆయన వచ్చి, మా వంటింట్లో బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఉడికించిన గుడ్లు, సీసాలో తెచ్చుకున్న ఆలివ్ నూనెతో శ్రద్ధగా వండాడు. అత్తగారు గుమ్మంలో కాపలా కాశారు. వాసన బాగానే ఉంది. మొదటి ముద్దకే తెలిసిపోయింది, ఉప్పు కషాయం! ఆయన ఒక గ్లాసు నీళ్లు తాగాడు, ఇంకోటి అడిగాడు, మళ్లీ అడిగాడు. బిందె అడుగంటింది. ఖాళీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. నా ముఖం చూసి ఓనరమ్మకు అర్థమైంది. లోపలికెళ్లి నడుమున బిందెతో దిగివచ్చింది.

"ఇంటికొచ్చినోనికి నీళ్లు లేవంటే ఎట్లనమ్మా? ఇగ పట్టు. నీతోని లొల్లి రేపు పెట్టుకుంట."

ఆయన ఇదంతా కిటికీలోంచి చూశాడు. మావారి వైపు తిరిగి, నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు. నీళ్లు లేవని నాకెందుకు చెప్పలేదు? పనిలో కూడా లేనివి ఉన్నాయనే చెబుతున్నారా?

"ఏమంటున్నాడే, ఉప్పెక్కువైందనా?" అని అత్తగారు నా చెవిలో గుసగుసలాడారు. మావారు కంచం వంకే చూస్తున్నారు. కంచం పక్కకు జరిపి, తలెత్తి, మేం ఒప్పుకున్న తేదీకి పని పూర్తికాదండీ, సగమే అయింది అని చెప్పేశారు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చంటిపిల్లతో ఏ ఊరు వెళ్లాలా అని కూడా ఆలోచించాను. నాకు మావారి మీద కోపం రాలేదు, భయమేసింది, అంతే. అతిథి నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "ఎన్నాళ్లు కావాలి?" అన్నాడు. మావారు చెప్పారు. ఈసారి నిజమే చెప్పారు. ఆయన సరేనని తల ఊపి మళ్లీ ఆ ఉప్పుచేపే వడ్డించుకున్నాడు.

మావారు తలెత్తడానికీ, ఆయన నోరు విప్పడానికీ మధ్య గడియారం లెక్కలో అర నిమిషం కూడా ఉండదు. ఆ తర్వాత ఇన్ని ఏళ్లు గడిచాయి, ఆ అర నిమిషం మాత్రం ఇంకా గడవలేదు.