పప్పు ఉడికే నీళ్ళు

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. కాలుగాలిన పిల్లి అంటుంది మా ఆవిడ. ఆ మాట నిజమేనని ఒప్పుకోవడానికి నేను ఒక ఇల్లు కొనాల్సి వచ్చింది.

మాది గుంటూరు నల్లరేగడిలో ఒక పల్లె. ఫిబ్రవరి వచ్చేసరికి ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయ ఆరబోస్తారు. ఆ ఘాటుకి మేమంతా నాలుగు తుమ్ములు తుమ్మి పనిలో పడేవాళ్ళం. మా ఆవిడకి మాత్రం ఆయాసం వచ్చేది. పడుకోలేక, దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చునేది. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ భుజాలు పైకి లేచేవి. నాలుగు మాటలు వరసగా అనలేకపోయేది. రెండువేల సంవత్సరం దాటాక అది మరీ ఎక్కువైంది. గుంటూరులో డాక్టరుగారు మందులు రాసిచ్చి, "కాయ కళ్ళాల్లో ఉన్నన్నాళ్ళూ ఈవిడ్ని ఊళ్ళో ఉంచకండి. సముద్రం దగ్గరైతే మరీ మంచిది" అన్నారు.

ఇంకేం, నాకు పని దొరికింది. ఆదివారం వస్తే చాలు, ఇద్దరం బస్సెక్కి సముద్రం వైపు పోయేవాళ్ళం. బాపట్ల, చీరాల, వాడరేవు, కొత్తపట్నం, ఏదీ వదల్లేదు. ఒక ఇంటి గుమ్మం ఎక్కుతూనే నాకు తర్వాత చూడబోయే ఇంటి మీదికి మనసు పోయేది. ఆవిడ అలా కాదు. కొంగున గుప్పెడు కందిపప్పు కట్టుకుని వచ్చేది. ఇల్లమ్మేవాళ్ళని ఒక గిన్నె అడిగి, వాళ్ళ నీళ్ళతో, వాళ్ళ పొయ్యి మీదే పప్పు పెట్టేది. మా ఊరి బావుల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో పప్పు గంటలు ఉడికినా గింజ మెత్తబడదు. ఇరవై ఏళ్ళు చెరువు నీళ్ళు మోసిన మనిషి ఇల్లు ఇంకెలా చూస్తుంది?

"ఇల్లు చూడ్డానికొచ్చి వంట చేస్తారేంటండీ!" అని ఒకచోట నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం గరిటెతో గింజ తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "పదండి" అంది.

చివరికి చీరాల నుంచి వాడరేవు వెళ్ళే దారిలో, రోడ్డుకి లోపలగా, ఒక రెండు గదుల పెంకుటిల్లు దొరికింది. ముందుగదిలో మగ్గం గుంట ఇసకతో పూడ్చిన గుర్తు ఇంకా కనిపిస్తోంది. దొడ్లో చేతిపంపు. అమ్మే ఆవిడ నేతపని చేసినాయన భార్య, పెద్దావిడ. పక్క వాటాలోనే తను ఉండి, ఇది అమ్ముతోంది. ఆ పంపు నీళ్ళకి పప్పు అరగంటలో వెన్నలా అయింది. మా ఆవిడ నా వైపు తిరిగి, "నాకీ ఇల్లు కావాలండీ" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నోరు తెరిచి కావాలని అడిగింది అదొక్కటే. కొన్నాను.

మొదటి ఏడాది కాయల రోజులు అక్కడ గడిచాయి. ఆవిడ ఒక్క దిండు మీద పడుకుని నిద్రపోయింది. నేను వారానికోసారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన గంటకే నా చేతులు దురద పెట్టేవి. చేతిపంపు కొట్టడమేమిటి, బోరు వేసి మోటారు పెడదాం, పైన ట్యాంకు కడదాం, చుట్టూ మొక్కలు వేద్దాం అన్నాను.

"ఇరవై అడుగులు దాటమాకు అబ్బాయ్, కిందంతా సముద్రమే" అంది పెద్దావిడ.

నాకు నవ్వొచ్చింది. పత్తిచేలో మూడు బోర్లు వేయించినవాణ్ణి. మా వైపు నీళ్ళు కావాలంటే లోతుకి పోవాలి, అంతే తెలుసు నాకు. మా ఆవిడ వద్దన్నా వినకుండా బోరు లారీ తెప్పించాను. నీళ్ళు ఉవ్వెత్తున లేచాయి. ఆ నీళ్ళతో పెట్టిన పప్పు సాయంత్రం దాకా గింజ గింజగానే ఉంది.

"కొత్త బోరు, నాలుగు రోజులు తోడితే అదే తేటపడుతుంది" అన్నాను. మా చేలల్లో అంతే మరి. పది రోజులు మోటారు ఆపలేదు.

పదకొండో రోజు పెద్దావిడ తన పంపు నీళ్ళు చెంబుతో తెచ్చి, "తాగి చూడు" అంది. ఉప్పు. మా చేతిపంపూ అంతే. ఆ ఇసకలో వాన నీళ్ళు పలచటి పొరలా పైన నిలుస్తాయట. నేను తోడినకొద్దీ అడుగున ఉన్న ఉప్పు పైకి వచ్చింది. పెద్దావిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బోరు సిమెంటుతో పూడ్పించాను. అప్పుడైనా ఊరుకున్నానా? "ఇది అమ్మేసి ఇంకోటి చూద్దాం. ఆదివారం కొత్తపట్నం పోదాం" అన్నాను.

"నేను రాను. నీళ్ళయితే మోసుకుంటాను. గాలి మోసుకురాలేను కదండీ" అంది మా ఆవిడ.

ఆ తర్వాతి ఏడాది కాయల రోజుల్లోనూ అక్కడికే వెళ్ళింది. రోడ్డవతల వీధి కుళాయి నుంచి పెద్దావిడా తనూ బిందెలు మోశారు. నేను వెళ్ళిన రోజు ముందు పెద్దావిడ బిందెలు నింపి, తర్వాత మావి నింపేవాణ్ణి. "దాన్నింక కదపమాకు. వానలు పడితే అదే తేరుకుంటది" అంది పెద్దావిడ. కదపకుండా ఉండటం! ఆ పంపు పక్కనుంచి చేతులు కట్టుకుని నడవడం కంటే మరో బోరు నా చేతుల్తో తవ్వడం తేలిక. రెండు వానాకాలాలు అలా గింజుకున్నాను.

మూడో ఏడు మార్చిలో, మా ఊరి కళ్ళాలన్నీ ఎర్రగా ఉన్న రోజుల్లో, ఫోను మోగింది.

"పప్పు ఉడికిందండీ."

"రేపు పొద్దున్నే వస్తున్నా. పంపు వాషరు మార్చాలి, ఆ గొట్టం కూడా ఒకసారి..."

"రండి, పెద్దావిడ కూడా మిమ్మల్ని అడుగుతోంది, ఇద్దరం కలిసి పప్పూ గోంగూర చేస్తాం, కడుపునిండా తినండి, కానీ ఆ సంచీ, ఆ రెంచీలూ ఏవీ తేకుండా ఒట్టి చేతుల్తో రండి."

అంత పొడుగు మాట మధ్యలో ఎక్కడా ఆగకుండా అంది. రెండో చేతిలో ఉన్న రెంచి గూట్లో పెట్టేశాను.